విప్పడానికే పుట్టిన బోల్టు: పట్టేసిన మరల చరిత్ర

వాహనం బరువును చక్రాల మీద మోపుతూ, రోడ్డు కుదుపులను బాడీ దాకా రానీయకుండా ఆపేది సస్పెన్షన్. కమాన్ కట్టలు, కాయిల్ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, ఆర్ములు, బాల్ జాయింట్లు అందులోని భాగాలు. వీటిని ఛాసిస్‌కూ, ఒకదాన్ని మరొకదానికీ కలిపి ఉంచేవి నట్లు, బోల్టులు. రెండు ఇనుప ముక్కలను శాశ్వతంగా కలపాలంటే రివెట్టు ఉంది, వెల్డింగ్ ఉంది. వాటిని కాదని బోల్టు వాడేది తర్వాత ఎప్పుడైనా విప్పుకోవచ్చనే. సస్పెన్షన్‌లో దాదాపు ప్రతి భాగమూ అరిగేదే, ఎప్పుడో ఒకనాడు మార్చవలసిందే. అందుకే అక్కడ బోల్టు విడవకపోతే మరమ్మతు మొత్తం ఆగిపోతుంది. తుప్పుతో పట్టేసిన బోల్టు, మరలు పోయి ఊరికే తిరిగే నట్టు, అంచులు అరిగి స్పానరుకు అందని తల అనే మూడు చిక్కులతో మెకానిక్కులు రెండు శతాబ్దాలుగా తలపడుతున్నారు. విప్పుకునే వీలును కాపాడుకోవడానికి జరిగిన ఆ ప్రయత్నంలోంచే మరల కొలతలు, పనిముట్లు, నూనెలు, పనిలోని క్రమం ఒక్కొక్కటిగా రూపుదిద్దుకున్నాయి.

జతలుగా పుట్టిన నట్లు, బోల్టులు

గుర్రపు బగ్గీల కాలంలోనే ఉక్కు స్ప్రింగులు వచ్చాయి. 1804లో ఇంగ్లండ్‌కు చెందిన బగ్గీల తయారీదారు ఒబడియా ఇలియట్ దీర్ఘవృత్తాకారపు స్ప్రింగులకు పేటెంటు పొందాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టను ఇరుసుకు బిగించే ఆ పద్ధతే నేటికీ లారీల కింద కమాన్ కట్టల రూపంలో బతికి ఉంది. కట్టను ఇరుసుకు అదిమి పట్టే యూ బోల్టు, పట్టీలను నడుమ కలిపే సెంటర్ బోల్టు, కొనలను వేలాడదీసే షాకిల్ పిన్ను ఆ వంశానివే.

అప్పట్లో బోల్టుల మరలకు ఒక పద్ధతంటూ లేదు. ఏ కమ్మరి కొలత అతనిది, ఏ కర్మాగారపు డై దానిది. ఒక బోల్టుకు కోసిన నట్టు పక్క బోల్టుకు పట్టేది కాదు. యంత్రాన్ని విప్పితే ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టుకోవాలని, గుర్తు తప్పితే పని చెడేదని ఇంజనీరు జేమ్స్ నాస్మిత్ తన ఆత్మకథలో రాశాడు. నట్లు తారుమారైతే బలవంతంగా తిప్పాల్సి వచ్చేది, దాంతో మరలు నలిగిపోయేవి.

ఈ గందరగోళానికి మొదటి విరుగుడు లేత్ మిషన్ నుంచి వచ్చింది. నాస్మిత్‌కు గురువైన హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతంలో లండన్‌లో తయారు చేసిన మరలు కోసే లేత్‌పై ఒకే మరను ఎన్నిసార్లయినా అదే కొలతతో కోయవచ్చు. ఆయన వద్దే పని నేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ మరో అడుగు ముందుకు వేశాడు. బ్రిటన్‌లోని పలు వర్క్‌షాపుల నుంచి బోల్టులు సేకరించి, వాటి సగటును ఆధారం చేసుకొని 1841లో ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు, శిఖరాలూ లోయలూ గుండ్రం, ఒక్కో వ్యాసానికి అంగుళానికి ఇన్ని మరలని స్థిరమైన లెక్క. బ్రిటిష్ రైల్వేలు దీన్ని స్వీకరించడంతో ఒక ఊరి నట్టు మరో ఊరి బోల్టుకు పట్టే రోజులు వచ్చాయి.

అమెరికా మాత్రం వేరే దారి పట్టింది. 1864లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో, చదునైన శిఖరాలతో మరో మరను ప్రతిపాదించాడు. గుండ్రని శిఖరాల కన్నా చదునైనవి కోయడం మామూలు వర్క్‌షాపుకు సులువని ఆయన వాదన. అర అంగుళం బోల్టుకు విట్‌వర్త్ లెక్కలో అంగుళానికి 12 మరలు, సెల్లర్స్ లెక్కలో 13. ఒకదాని నట్టు రెండోదాని బోల్టు మీద కొద్దిగా ఎక్కి అక్కడే బిగుసుకుంటుంది. ఇంకా తిప్పితే రెండిటి మరలూ పోతాయి. 1898లో జ్యూరిక్‌లో జరిగిన సమావేశం మిల్లీమీటర్ల లెక్కతో మెట్రిక్ మరను ఖాయం చేసింది. మోటారు కార్లు వీధుల్లోకి వచ్చేనాటికి లోకంలో మూడు రకాల మరలు చలామణిలో ఉన్నాయి.

కారు తెచ్చిన కొత్త చిక్కు

కర్మాగారంలోని ఆవిరి యంత్రం ఒకచోట నిలబడి పనిచేస్తుంది. కారు గతుకుల మీద పరుగెత్తుతుంది. ఆ అదురుకు లావు మరల నట్లు వాటంతట అవే వదులయ్యేవి. అందుకే 1906లో అమెరికా కార్ల తయారీదారుల సంఘం సన్నని మరల ప్రమాణాన్ని తెచ్చింది. తర్వాత దాన్ని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం చేపట్టింది. బ్రిటన్‌లోనూ 1908లో బీఎస్‌ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) అనే సన్నని మర ప్రమాణమైంది. మర సన్నదైతే వాలు తగ్గుతుంది, పట్టు నిలుస్తుంది. కానీ మరల మధ్య సందూ తగ్గుతుంది కాబట్టి కొద్దిపాటి తుప్పు, దుమ్ము చేరినా నట్టు పట్టేస్తుంది. వదులు కాకూడదని చేసిన ఏర్పాటే విడవకపోవడానికీ ఒక కారణమైంది.

ప్రమాణాల కలగాపులగం ఒక్కోసారి ఒకే కారులో కనిపించేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌కు చెందిన హాచ్‌కిస్ కంపెనీ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో కర్మాగారం పెట్టింది. యుద్ధం ముగిశాక అక్కడ మోరిస్ కార్ల ఇంజన్లు తయారయ్యాయి. 1923లో ఆ కార్ల కంపెనీ యజమాని విలియం మోరిస్ ఆ కర్మాగారాన్నే కొనేశాడు. అక్కడి యంత్రాలు ఫ్రెంచివి, అవి కోసే మరలు మెట్రిక్‌వి. బ్రిటిష్ మెకానిక్కుల చేతిలో ఉన్నవేమో విట్‌వర్త్ స్పానర్లు. అందుకని మరలు మెట్రిక్‌లో, తలలు విట్‌వర్త్ కొలతలో ఉండే బోల్టులు తయారయ్యాయి. స్పానరు సరిగ్గా పట్టింది కదా అని చేతికందిన బ్రిటిష్ నట్టు ఎక్కిస్తే మరలు పోయేవి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ తేడాల ధరను పెద్ద ఎత్తున చూపించింది. రోల్స్ రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్‌ను అమెరికాలో తయారు చేసిన ప్యాకార్డ్ కంపెనీ దాని కోసం బ్రిటిష్ మరలనే కోయవలసి వచ్చింది. యుద్ధానంతరం 1948 నవంబరు 18న వాషింగ్టన్‌లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల యూనిఫైడ్ మరకు ఒప్పుకున్నాయి. 1947లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ అదే కోణంతో మెట్రిక్ మరలను ఖరారు చేసింది. నేటి కార్లలో అత్యధికం ఆ మెట్రిక్ మరల మీదే నడుస్తున్నాయి.

మన షెడ్లలో రెండు కొలతలు

తూకాలు, కొలతల చట్టం 1956లో వచ్చి, 1962 నాటికి భారతదేశంలో మెట్రిక్ విధానం అమలైంది. రోడ్ల మీద మాత్రం అంగుళాల కాలం చాలా ఏళ్లు నిలిచింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌వి అంగుళాల కొలతలు. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినివి మెట్రిక్. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా మెట్రిక్కే. అంబాసిడర్ ఉత్పత్తి 2014 దాకా సాగింది. కాబట్టి మెకానిక్ షెడ్డులో ఒక పెట్టెలో అంగుళాల స్పానర్లు, మరో పెట్టెలో 10-11, 12-13, 14-15 నంబరు స్పానర్లు ఉండక తప్పలేదు.

ఈ రెండు కొలతల నడుమ తేడా కంటికి ఆనదు. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. అంత తల ఉన్న బోల్టుకు 13 నంబరు స్పానరు పెడితే పట్టినట్టే ఉంటుంది. ఆ 0.3 మిల్లీమీటర్ల సందు వల్ల బలమంతా తల మూలల మీద పడి, నాలుగైదు సార్లు తిప్పేసరికి మూలలు గుండ్రమవుతాయి. మరల్లో ఇంకా పెద్ద మోసం ఉంది. అర అంగుళం యూనిఫైడ్ సన్న మరకు అంగుళానికి 20 మరలు, అంటే మరకూ మరకూ 1.27 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ సన్న మరలో అదే దూరం 1.25. ఆ అంగుళాల నట్టులోకి ఈ మెట్రిక్ బోల్టు హాయిగా తిరుగుతుంది. కానీ బోల్టు సన్నం కనుక మరల కొసలు మాత్రమే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గట్టిగా బిగించినప్పుడో, గుంతలో చక్రం పడినప్పుడో అవి జారిపోతాయి. సస్పెన్షన్‌లో మరలు పోవడానికి తుప్పుతో పాటు ఇలాంటి తప్పు జోడీలూ కారణమే.

విజయవాడ ఆటోనగర్, విశాఖపట్నం, హైదరాబాద్ ఆటోనగర్‌ల వంటి చోట్ల మరమ్మతు పని ఎవరి విద్య వారిదిగా విడిపోయింది. కమాన్ కట్టలు విప్పి బిగించేవారు ఒకరు, లేత్ మీద మరలు కోసేవారు ఒకరు, గ్యాస్ కటింగ్ చేసేవారు ఇంకొకరు. ఒకచోట విడవని బోల్టు పక్క షెడ్డులో విడుతుంది. విరిగిన స్టడ్డుకు లేత్ దగ్గర జోడీ దొరుకుతుంది. ఇంట్లో కారు విప్పుకునే మనిషికి ఆ పక్క షెడ్డు ఉండదు కాబట్టి అతనికి ముందుచూపు ఎక్కువ కావాలి.

రబ్బరు బుష్, ఉప్పు, తుప్పు

తొలినాటి కార్ల షాకిల్ పిన్నులకు తరచూ గ్రీజు పెట్టాల్సి వచ్చేది. అది విసుగు పనే అయినా, గ్రీజున్న చోట తుప్పు చేరేది కాదు. 1920లలో రబ్బరు బుష్‌లు రంగంలోకి వచ్చాయి. లోపల ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, బయట మరో గొట్టం. కదలికంతా రబ్బరు మెలి తిరగడంలోనే జరిగిపోతుంది కనుక గ్రీజు అక్కర్లేదు. లోపలి గొట్టంలోంచి వెళ్లే బోల్టు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే కదలకుండా ఉంటుంది. బోల్టుకూ గొట్టానికీ మధ్య సన్నని సందులోకి నీరు చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు రకాన్ని బట్టి అది పుట్టిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. సందు నిండిపోయి బోల్టూ గొట్టమూ ఒకే ముక్కవుతాయి. నట్టు ఊడివచ్చినా బోల్టు కదలదు. స్పానరు తిప్పితే బోల్టుతో పాటు గొట్టమూ తిరిగి, రబ్బరు మెలిపడి, చేయి వదలగానే వెనక్కి వస్తుంది. నేటి కార్ల సస్పెన్షన్‌లో మెకానిక్కును అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించే బోల్టు ఇదే.

ఎర్ల్ మాక్‌ఫెర్సన్ రూపొందించిన స్ట్రట్ 1950లో ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో బాగా వ్యాప్తిలోకి వచ్చింది. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు స్తంభంగా చక్రం పక్కనే నిలబడతాయి. దాన్ని నకిల్‌కు (చక్రం బిగిసే ముక్కకు) కలిపే బోల్టులు చక్రం చిమ్మే బురదకూ నీటికీ ఎదురుగా ఉంటాయి. ఆ తర్వాత బరువు తగ్గించడానికి అల్యూమినియం నకిళ్లు, ఆర్ములు వచ్చాయి. అల్యూమినియంలో ఉక్కు బోల్టు ఉన్నచోట తడి తగిలితే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరుగుతుంది. అల్యూమినియం తినుకుపోయి తెల్లని పొడిగా మారి బోల్టును బిగించేస్తుంది.

వీటన్నిటికీ ఉప్పు తోడైంది. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడాన్ని విధానంగా చేపట్టిన మొదటి అమెరికా రాష్ట్రం న్యూ హాంప్‌షైర్. 1941-42 చలికాలంలో ఆ దేశమంతటా రోడ్లకు వాడిన ఉప్పు 5,000 టన్నులు. ఇప్పుడు అది ఏటా కోటి టన్నులు దాటుతోంది. మిషిగన్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారు కారు అడుగు భాగాన చూసే తుప్పు ఈ ఉప్పు చలవే. మన వైపు మంచు లేకున్నా సముద్రపు గాలి ఉంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలలో తిరిగే బండికి, కరీంనగర్‌లో తిరిగే బండి కన్నా తుప్పు త్వరగా పడుతుంది.

నిప్పు, నూనె, దెబ్బ

పట్టేసిన మరకు కమ్మరి ఎరిగిన తొలి మందు నిప్పు. నట్టును కాల్చితే అది వ్యాకోచిస్తుంది. 12 మిల్లీమీటర్ల నట్టును 300 డిగ్రీల మేర వేడెక్కిస్తే రంధ్రం 0.04 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ కాస్తకే తుప్పు పొర పగులుతుంది. 1903లో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ ఫూషే, చార్ల్స్ పికార్ ఆక్సీ ఎసిటిలీన్ టార్చిని తయారు చేశాక, కొలిమి దగ్గరికి తీసుకుపోలేని బోల్టుకు కూడా మంటను చేర్చడం సాధ్యమైంది. చుట్టూ వేడి పాకేలోపు నట్టొక్కటే ఎర్రబడేంత తీవ్రమైన మంట అది. విడవని బోల్టును కోసి తీయడమూ దానితోనే మొదలైంది.

రెండో మందు నూనె. పల్చని నూనె సన్నని సందుల్లోకి తనంతట పాకుతుంది. మన షెడ్లలో కిరోసిన్, డీజిల్ ఆ పని చేశాయి. అమెరికాలో 1939లో క్రోయిల్ వంటి ప్రత్యేక నూనెలు మార్కెట్లోకి వచ్చాయి. 1953లో సాన్ డియాగోలో అట్లాస్ క్షిపణి కోసం తయారైన డబ్ల్యూడీ-40 అసలు పని లోహం మీది తేమను తరిమి తుప్పును ఆపడం. సామాన్యుల చేతికి వచ్చాక అది పట్టేసిన మరలకూ వాడుకైంది. ఏ నూనెకైనా కావలసింది సమయం. రాత్రి పోసి పొద్దున విప్పితే వచ్చే ఫలితం, పోసిన మరుక్షణం లాగితే రాదు.

మూడోది దెబ్బ. నిదానంగా బలం పెంచుతూ లాగితే బోల్టు మెలిపడి తెగుతుంది. చిన్న చిన్న దెబ్బలు మాత్రం తుప్పు పట్టును పగలగొడతాయి. 1930లలో ఇండియానా రాష్ట్రంలోని ఇవాన్స్‌విల్‌కు చెందిన రాబర్ట్ పాట్ రూపొందించిన ఇంపాక్ట్ రెంచి ఈ సూత్రాన్నే యంత్రంలో పెట్టింది. లోపలి సుత్తి గిర్రున తిరుగుతూ వరసగా దెబ్బలు వేస్తుంది. గాలితో నడిచే ఈ పనిముట్టు మొదట పెద్ద వర్క్‌షాపులకే పరిమితం. లిథియం బ్యాటరీలు వచ్చాక ఇళ్లలోకి చేరింది.

స్పానరు రూపమూ మారుతూ వచ్చింది. 1920లో అమెరికాలో స్నాప్-ఆన్ కంపెనీ తెచ్చిన మార్చుకునే సాకెట్లు బోల్టు తల చుట్టూ పట్టును ఇచ్చాయి. పన్నెండు పళ్ల సాకెట్టు ఇరుకులో సులువుగా ఎక్కుతుంది కానీ మూలలను నొక్కుతుంది. పట్టేసిన బోల్టుకు ఆరు పళ్ల సాకెట్టే తగినది. 1960లలో మూలలను వదిలి తల పక్కలను నొక్కే సాకెట్లు వచ్చి, తలలు గుండ్రమవడాన్ని చాలావరకు తగ్గించాయి.

మరలు పోయిన చోట

తల అరిగిన బోల్టుకు ముందుగా చేసేది కొంచెం చిన్న సాకెట్టును సుత్తితో దిగగొట్టడం. అదీ జారితే తల మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడికి తుప్పు పగులుతుంది, స్పానరుకు కొత్త తల దొరుకుతుంది. బోల్టు లోపల విరిగితే నడిబొడ్డున డ్రిల్లు వేసి ఎక్స్‌ట్రాక్టరుతో తీస్తారు. గట్టి ఉక్కుతో చేసిన ఎక్స్‌ట్రాక్టరు లోపల విరిగితే దాన్ని డ్రిల్లు కూడా కోయలేదు కాబట్టి, తొందరపడకుండా సరిగ్గా మధ్యలో రంధ్రం వేయడంలోనే పనితనం ఉంది.

నట్టు మరలు పోతే కొత్త నట్టు వేస్తే చాలు. నకిల్‌లోనో సబ్‌ఫ్రేమ్‌లోనో మరలు పోతే ఆ భాగాన్నే పారేయాల్సి వచ్చేది. 1930లలో వచ్చిన హెలికాయిల్ ఆ పరిస్థితిని మార్చింది. పాడైన రంధ్రాన్ని పెద్దది చేసి, టాప్‌తో కొత్త మరలు కోసి, స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్టను దించితే పాత కొలత మరలు తిరిగి వస్తాయి. యుద్ధకాలపు విమాన ఇంజన్ల అల్యూమినియంలో ఇది బాగా పనికొచ్చింది. సస్పెన్షన్‌లో అయితే తయారీదారు అనుమతించిన చోటే దీన్ని వాడడం క్షేమం.

ఇంటి మరమ్మతుకు చేరిన క్రమం

1908 నుంచి 1927 దాకా కోటీ 50 లక్షలు తయారైన ఫోర్డ్ మోడల్ టీ, సొంత చేతులతో కారు బాగు చేసుకునే అలవాటును సామాన్యులకు నేర్పింది. 1960ల మధ్య నుంచి హేన్స్ మాన్యువళ్లు కారును పూర్తిగా విప్పి తిరిగి బిగించే తీరును ఫొటోలతో చూపాయి. వర్క్‌షాపుల అనుభవం ఇలా ఇళ్లకు చేరే క్రమంలో పట్టేసిన బోల్టుకు ఒక వరస ఏర్పడింది.

ముందు బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టి, జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలపాలి. బయటికి పొడుచుకొచ్చిన మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి నూనె పోసి రాత్రంతా వదలాలి. ఆరు పళ్ల సాకెట్టు పూర్తిగా దించి, మొదట కొద్దిగా బిగించే వైపు కదపాలి. తుప్పు పొర పగిలాక విప్పాలి. రెండు చుట్లు విప్పి, ఒక చుట్టు బిగించి, మళ్లీ నూనె పోస్తూ సాగాలి. అప్పటికీ కదలకపోతే ఇంపాక్ట్ రెంచి, ఆ తర్వాత వేడి, చివరగా కోత. గ్యాస్ నిండిన షాక్ అబ్జార్బరు, బ్రేకు గొట్టం, పెట్రోలు పైపు దగ్గర మంట పెట్టకూడదు. బుష్‌లో పట్టేసిన బోల్టును రెండు వైపులా బ్రాకెట్టుకూ బుష్‌కూ మధ్య కోసి, బుష్‌తో సహా మార్చడమే తరచు తక్కువ ఖర్చు. బాల్ జాయింట్ కోనుగా ఉండే పిన్నుతో పట్టేస్తుంది. నట్టు వదులు చేసి నకిల్ కన్ను పక్కన సుత్తితో కొడితే ఆ పట్టు వీడుతుంది. స్ట్రట్ పైనున్న నడిమి నట్టును మాత్రం స్ప్రింగును కంప్రెసరుతో అదమకుండా విప్పకూడదు. లోపల అణిగి ఉన్న బలం ప్రాణం తీయగలదు.

తిరిగి బిగించడంలోనూ పాత పాఠాలు పనిచేస్తాయి. కాల్చిన బోల్టు ఉక్కు గట్టిదనం పోతుంది, దాన్ని మళ్లీ వాడకూడదు. తల మీద 8.8 లేదా 10.9 అని ఉన్న బోల్టుకు బదులు అదే అంకె ఉన్నదే వేయాలి. 8.8లో మొదటి అంకె 800 మెగాపాస్కల్స్ తన్యతా బలాన్నీ, రెండోది అందులో 80 శాతం దాకా శాశ్వతంగా సాగదనే విషయాన్నీ చెబుతుంది. మొదటి మూడు చుట్లు చేత్తోనే తిప్పితే తప్పు మర అయితే అక్కడే తెలిసిపోతుంది. మనం పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, మిగతాదంతా రాపిడికి పోతుంది. మరలకు గ్రీజు రాస్తే రాపిడి తగ్గి అదే టార్క్‌కు (తిప్పే బలానికి) బోల్టు ఎక్కువ సాగుతుంది. కాబట్టి గ్రీజును తయారీదారు చెప్పిన చోటే రాయాలి. బుష్‌లో దూరే బోల్టు నడుముకు, గొట్టం లోపలికి పల్చగా రాసి, మరలను పొడిగా ఉంచడం చాలాచోట్ల కుదురుతుంది. బుష్ బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది. ఇంత జాగ్రత్తగా బిగించిన బోల్టు రోడ్డు మీద వదులు కాదు, మళ్లీ మరమ్మతు వచ్చిన రోజున మామూలు స్పానరుకే విడుతుంది.